బలోపాసనయందు అధికారమెవ్వరికి?

కొన్ని ధర్మసందేహములు పండితగోష్ఠులలో గాక, ఆశ్రమపు వసారాలో, సాయంకాల హారతి ముగిసిన పిదప, సామాన్య గృహస్థుల నోట వెలువడుచుండును. వానికి బదులు చెప్పవలసి వచ్చినప్పుడే మనము చదివిన వేదాంతము మనలో ఎంతవరకు ఇంకినదో బయటపడును. అట్టి యొక సందేహము కొన్ని సంవత్సరముల క్రిందట నాకు ఎదురైనది. దానికి నేనిచ్చిన తొలి సమాధానము సరియైనది కాదు. మలి సమాధానమును అంతే. ఆ రెండు పొరపాట్లను విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

శ్రీకాకుళ ప్రాంతమునుండి ఒక రైతు పదునాలుగేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ బాలిక బరువులెత్తు క్రీడ నభ్యసించుచున్నది. తండ్రికది ఇష్టము లేదు. "స్వామీజీ, ఊరిలో నలుగురును నాలుగు మాటలనుచున్నారు. మగపిల్లల సరసను నిలిచి ఇనుము మోయుట ఆడపిల్లకు అందమా? రేపు దీనికి సంబంధము ఎట్లు కుదురును? నా మాట వినుట లేదు. తమరైనను చెప్పవలెను" అని వేడుకొనెను. అతడు కఠినుడు కాడు. కూతురిపై ప్రేమయు, లోకమన్న భయమును కలిసి అతనిచేత ఆ మాటలు పలికించినవి.

నేను ఎక్కువగా ఆలోచింపలేదు. "అమ్మా, నాన్నగారు నీ మేలుకోరియే చెప్పుచున్నారు గదా! ఆడపిల్లలకు తగిన ఆటలు వేరే ఎన్నియో కలవు" అంటిని. ఆ బాలిక కొంతసేపు తలవంచుకొని యుండెను. పిమ్మట మెల్లగా, "స్వామీజీ, బడిలో నాకు బహుమతిగా వచ్చిన వివేకానందస్వామి పుస్తకములో యువకులు ముందుగా బలవంతులు కావలెనని యున్నది. ఆ మాట మాకు కాదా?" అని యడిగెను.

అది 1897వ సంవత్సరమున మద్రాసులో స్వామి చేసిన ప్రసంగములోని భాగము. ధర్మమునకు ముందు బలము కావలెననియు, గీతను చదువుటకంటె ఫుట్‌బాల్ ఆటయే ఆ యువకులను స్వర్గమునకు చేరువ చేయుననియు, కండలు కొంత గట్టిపడినచో గీత మరింత బాగుగా బోధపడుననియు ఆయన అందు చెప్పిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ భాగమును ఒకప్పుడు నేనును తెలుగు చేసియుంటిని. మూలములోని సంబోధనకు "యువకులారా" అని వ్రాసితిని. ఆ మాటలు యువకులనుద్దేశించి పలికినవే గనుక అనువాదము తప్పు కాదు. కాని ఆ బాలిక ప్రశ్న వినిన పిదప నా మనస్సు ఆ ఒక్క పదమునొద్ద నిలిచిపోయినది. సంబోధన శ్రోతలనుబట్టి యుండును. సత్యము శ్రోతలతోనే ముగిసిపోవునా? అర్జునునకు చెప్పిన గీత అర్జునునకే పరిమితమైనచో మనలో ఎవ్వరికిని దానితో పనిలేదు.

మన తెలుగు వ్యాకరణములో ఒక విశేషము కలదు. ఏకవచనమున "బాలుడు వచ్చెడివాడు" అందుము. బాలిక విషయమున "వచ్చెడిది" అందుము. ఆవునకును బండికిని చెల్లు క్రియయే ఆమెకును చెల్లును. బహువచనమునకు వచ్చుసరికి బాలికలు బాలురతో చేరి "వచ్చెడివారు" అగుదురు. ఇది భాషాసంప్రదాయమే గాని దోషము కాదు. అయినను, పలువురుగా నున్న స్త్రీలను గౌరవించి సభలలో శక్తిస్వరూపిణులని కీర్తించు మనము, ఒక్క బాలిక ఒంటరిగా వచ్చి మన యెదుట నిలిచినపుడు, ఒకరి ఇంట భద్రపరచి మరియొకరి చేతికి అప్పగింపవలసిన వస్తువువలె ఆమెను చూచుట లేదా యని ఆ రాత్రి నన్ను నేను ప్రశ్నించుకొంటిని.

మహాభారత శాంతిపర్వములో సులభ యను సన్న్యాసిని కథ కలదు. మిథిలాధిపతియైన జనకుడు తాను ముక్తుడనని చెప్పుకొనుచుండగా విని, ఆ మాటలోని నిజమును పరీక్షింప ఆమె అతని సభకు వచ్చెను. జ్ఞానియని ప్రసిద్ధిచెందిన ఆ రాజు ఆమెను నీవెవరవు, ఎవరిదానవు అని యడిగి, స్త్రీవై యుండి ఇట్లు ప్రవర్తింపదగునా యని ఆక్షేపించెను. సులభ కోపింపలేదు. దేహములు క్షణక్షణము మారు భూతసంఘాతములే యైనప్పుడు ఎవరు ఎవరివారని యడుగుట యేమి? తన పర భేదము ఇంకను తోచుచున్నవాడు ముక్తుడెట్లగును? అను భావముతో ఆమె బదులు చెప్పెను. జనకునకు మారు పలుకుటకు మాట లేకపోయెను. నేను జనకుడను కాను. కాని జనకుని పొరపాటు మాత్రము నాకును పట్టుబడినది.

ఇక్కడ వివేకవంతుడైన పాఠకుడు ఒక ఆక్షేపణ చేయవచ్చును. "ఆత్మకు స్త్రీపురుష భేదము లేదనుట నిజమే. కాని బరువులెత్తునది ఆత్మ కాదు, దేహము. దేహములు భిన్నములు గదా?" ఈ ఆక్షేపణ న్యాయమైనదే. దేహభేదమును ఎవ్వరును కాదనుట లేదు. అందుచేతనే స్త్రీలకును పురుషులకును పోటీలు వేరుగా జరుగుచున్నవి. ఒకే వర్గములోను శరీరపు బరువునుబట్టి తరగతులు కలవు. అయితే భేదము వేరు, నిషేధము వేరు. ప్రకృతి సమ్మతింపనిదానికి మనుష్యుని శాసనముతో పనిలేదు. చేప చెట్టెక్కరాదని ఏ పంచాయతీయు తీర్మానింపదు. తీర్మానము అవసరమైనదన్నచో, చేప అప్పుడే చెట్టెక్కుచున్నదని యర్థము!

ఈ మాటకు చరిత్రయే సాక్షి. ప్రథమ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణమున డిక్ కెర్ కర్మాగారపు స్త్రీలు ఫుట్‌బాల్ జట్టుగా ఏర్పడిరి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరమున వారి ఆటను చూచుటకు దాదాపు 53,000 మంది వచ్చిరి. మరుసటి సంవత్సరము డిసెంబరులో, ఈ ఆట స్త్రీలకు తగినది కాదని చెప్పి, ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘము తన క్రింది క్లబ్బుల మైదానములలో స్త్రీలను ఆడనీయరాదని తీర్మానించెను. ఆ నిషేధము ఇంచుమించు 50 ఏండ్లు నిలిచినది. ఆడలేనివారిని ఆపిన నిషేధము కాదది. ఆడుచున్నవారిని ఆపిన నిషేధము. మరల 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తిరి. పరుగెత్తినవారు సొమ్మసిల్లి పడిపోయిరని పత్రికలు జరిగినదానికంటె మిక్కిలిగా వర్ణించెను. దాని ఫలితముగా 1960లో రోము నగరపు క్రీడలవరకు, అనగా 32 సంవత్సరములు, ఆ పందెము స్త్రీలకు లేకుండపోయెను. పరుగు ముగిసిన పిదప పురుషుడు నేలపై వాలినచో అతని ప్రయత్నమును మెచ్చుకొందుము. స్త్రీ వాలినచో ఆమె ప్రకృతిని నిందింతుము. చూచిన దృశ్యము ఒక్కటే, చూచిన కన్ను వేరు.

మరునాటి ఉదయము ఆ తండ్రీకూతుండ్రు సెలవు తీసుకొనుటకు వచ్చిరి. నేను నా మాటను దిద్దుకొనగోరి, వారి జిల్లాకే చెందిన కరణం మల్లీశ్వరి సంగతి ఎత్తితిని. ఆమె శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చెంతనున్న వూసవానిపేటలో పెరిగినది. స్త్రీలకు బరువులెత్తు పోటీలు ఒలింపిక్ క్రీడలలో మొట్టమొదట ప్రవేశపెట్టబడినది 2000వ సంవత్సరమున సిడ్నీ నగరమున. అచ్చట ఆమె ఒక్క ఊపున తలపైకెత్తు పద్ధతిలో 110 కిలోలును, భుజములపై నిలిపి పిదప ఎత్తు పద్ధతిలో 130 కిలోలును, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము పొందెను. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమెయే. "చూచితివా! మీ ప్రాంతపు ఆడపిల్లయే దేశమునకు కీర్తి తెచ్చినది" అని ముగించితిని.

ఆ రైతు వినయముగా, "నిజమే స్వామీజీ, ఆ తల్లి పతకము తెచ్చినది. మా పిల్ల తేలేకపోయినచో?" అనెను.

చదువుకొన్నవాని తర్కమును చదువులేని రైతు ఒక్క మాటతో పడగొట్టెను. నేను ఆ బాలికకు అధికారమును ఇచ్చితిననుకొంటిని; నిజమునకు దానిని పతకమునకు తాకట్టు పెట్టితిని. గెలిచినచో నీవు చేసినది ఒప్పు, ఓడినచో నీవు చేసినది తప్పు అనుటయే నా మాటకు అర్థము. ఇది గీతాబోధకు ముమ్మాటికి విరుద్ధము. మనుష్యునకు అధికారము తాను చేయు కర్మయందు కలదు గాని దాని ఫలమునందు లేదని గదా భగవానుడు బోధించినది! మనము బాలికల విషయమున దీనిని తలక్రిందు చేసితిమి. ముందు ఫలమును చూపుము, పిదప అధికారమిత్తుము అనుచున్నాము.

నాకు అప్పుడు ఒక ప్రశ్న తోచినది. "నీకు కుమారుడు కలడా?" అని యడిగితిని. "కలడు స్వామీజీ. దీనికంటె రెండేండ్లు పెద్ద. ప్రొద్దుగూకిన దాక క్రికెట్ ఆడుచునే యుండును" అని చెప్పెను. "అతడు ఎన్ని కప్పులు తెచ్చినాడు?" అంటిని. తండ్రి నవ్వెను. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయినది. అతడు కూతురి వంక చూచెను. అంతకుముందు ఆమెను చూచిన చూపు కాదది.

ఓడిపోవుటకు బాలునకు గల స్వాతంత్ర్యము బాలికకు లేదు. అతడు ఆనందముకొరకు ఆడవచ్చును, దెబ్బ తగిలించుకొని రావచ్చును, పదిమార్లు ఓడవచ్చును. ఎవ్వరును అతనిని కారణమడుగరు. ఆమె గడప దాటవలెనన్నచో దేశకీర్తిని హామీగా చూపవలెను. దేశములోని కోట్లకొలది బాలికలలో పతకములు గెలుచువారు ఎందరుందురు? తక్కినవారి భుజములకు బలము అక్కరలేదా? తక్కినవారి శ్వాస దీర్ఘము కానక్కరలేదా? భయము లేకుండ నడచుట, పడి లేచుట, తోటివారితో కలిసి శ్రమించుట, ఓటమిని మర్యాదతో స్వీకరించుట: ఇవి ఆటస్థలము నేర్పు గుణములు. దైవీసంపదగా గీత చెప్పిన గుణములలో మొట్టమొదటిది నిర్భయత్వమే. దానికి లింగభేదమును గీత చెప్పలేదు.

ఉపనిషత్తులలో గార్గి యాజ్ఞవల్క్యుని నిండుసభలో ప్రశ్నింపబోవుచు, కాశీదేశపు వీరుడో విదేహవీరుడో వింట నారి సంధించి రెండు బాణములు చేతబూని శత్రువునెదుట నిలిచినట్లు తాను రెండు ప్రశ్నలతో నిలుచుచున్నానని చెప్పుకొన్నది. ఆ బ్రహ్మవాదినికి తన జిజ్ఞాసను తెలుపుటకు తోచిన పోలిక విల్లును అమ్ములును! ఈ పోలిక నీకు తగదని ఆ సభలో ఎవ్వరును అనలేదు.

అట్లని ఆటలో అపాయమే లేదనుట కూడదు. కీర్తికాంక్ష, దేహాభిమానము, గెలిచినవారిని పూజించి ఓడినవారిని మరచు లోకరీతి: ఇవి బాలురకెంత చెరుపు చేయునో బాలికలకును అంతే చేయును. తలిదండ్రులు తమ తీరని కోరికలను బిడ్డ భుజములపై మోపుట మరియొక దోషము. వద్దని కట్టివేయుటయెట్లో, గెలువుమని వెంటబడుటయు అట్లే బిడ్డను వస్తువుగా చూచుటయే. ఇక ఆ తండ్రి భయములలో ఒకటి నిజమైనది: శిక్షణ పేర దూరము పంపిన ఆడబిడ్డకు రక్ష యేది? ఈ భయమును చులకన చేయరాదు. కాని దానికి మందు, బాలికను ఇంట బంధించుట కాదు. ఆటస్థలమును ఆమెకు నిరపాయముగా నుండునట్లు పెద్దలు చేయుట. దారిలో దొంగలున్నచో దారిని కాపాడవలెను గాని, బాటసారి కాళ్లకు సంకెల వేయరాదు.

చివరకు నాకు బోధపడిన సంగతి మరియొకటి కలదు. స్త్రీల సమస్యలను స్త్రీలే తీర్చుకొనవలెననియు, వారికి విద్యనిచ్చుటతో పురుషుల పని ముగియుననియు వివేకానందస్వామి అభిప్రాయము. సన్న్యాసమే పురుషుల సొత్తని లోకమనుకొను కాలమున, స్త్రీలకు స్వతంత్రమైన మఠముండవలెనని ఆయన సంకల్పించెను. ఆ సంకల్పము 1954లో శ్రీ శారదా మఠముగా రూపుదాల్చినది. అంతటి త్యాగమునకే స్త్రీకి అధికారమున్నదని ఒప్పుకొన్న మనము, ఇనుపకడ్డీ నెత్తుటకు లేదనుట వింత గదా! ఆ సాయంకాలము నేను చేయవలసిన పని తీర్పు చెప్పుట కాదు. "తల్లీ, నీకేమి తోచుచున్నది?" అని ముందుగా ఆ బాలికను అడుగుట. ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు.

తండ్రి ఆనాడు అవునని కాని కాదని కాని చెప్పలేదు. "ఆలోచించెదను స్వామీజీ" అని నమస్కరించి వెళ్లెను. ఒక యేడాది గడచిన పిదప అతనినుండి జాబు వచ్చినది. కూతురు జిల్లా పోటీలకు పోయి ఓడిపోయి వచ్చినదట. "రాత్రి అన్నము పెట్టి, రేపు ఉదయమే లేచి మరల పొమ్మంటిని. అన్నగారికి ఏ మాట చెప్పుదునో ఆ మాటయే దీనికిని చెప్పితిని" అని వ్రాసెను. పతకపు వార్తకంటె ఈ వార్తయే నాకు ఎక్కువ సంతోషము కలిగించినది.

నా అనువాదములోని "యువకులారా" యను పదమును నేను మార్చలేదు. మూలమునకు విధేయుడై యుండుట అనువాదకుని ధర్మము. కాని ఆ పుటను సభలలో చదివినపుడెల్ల తలవంచుకొని, మెల్లగా ప్రశ్నించిన ఆ బాలిక నా కన్నులయెదుట నిలుచును. బలము ఆత్మసాక్షాత్కారమునకు సోపానమని నమ్మిన మనము, ఆ సోపానము మొదటి మెట్టునొద్ద కావలి కూర్చుండి, ఎక్కవచ్చినవారి దేహమును పరీక్షించుట మానుదుము గాక! జగన్మాత తన బిడ్డలందరికిని నిర్భయత్వమును ప్రసాదించుగాక!