భయం మంచిదేనా?

పొలాల గురించి పెద్దవాళ్ళు చెప్పే భయాలన్నీ ఉత్తవేనా? "చీకటిపడ్డాక చేలో ఈల వేస్తే పాము వస్తుంది" అనేది మా అమ్మమ్మ. ఈల విని పరుగెత్తుకొచ్చే పాము లేదుగానీ, రాత్రిపూట ఎలకలకోసం చేలల్లో పాములు తిరగడం నిజమే. కారణం అబద్ధం, జాగ్రత్త నిజం!

కొన్నింటికి కారణమూ నిజమే. వానల్లేక వాడిన లేతజొన్న మేస్తే పశువుకి 'నాము' తగులుతుందంటారు. ఆ పైరు మేసిన పశువు కడుపులో సైనైడు విషం పుడుతుందని శాస్త్రమూ ఒప్పుకుంది.

మరి మేలుకోరి చెప్పిన అబద్ధం తప్పెలా అవుతుంది? పిల్లలు చీకట్లో చేలోకి వెళ్ళకుండా ఆపినంతవరకూ పరవాలేదు. చిక్కంతా ఆ తరవాతే. పాము పగబడుతుందని నమ్మినవాళ్ళకి కాటుకూడా పగే. పగకి మందెక్కడిది? అందుకే మంత్రగాడి దగ్గరికి పరుగు! 2000 నుంచి 2019 వరకూ మనదేశంలో పాముకాటుకి సుమారు 12 లక్షలమంది పోయారని అంచనా. ఎక్కువమంది ఆస్పత్రి బయటే కన్నుమూశారు.

కాబట్టి పిల్లల్ని భయపెడదాం, తప్పులేదు. కానీ నిజం చెప్పి భయపెడదాం. చీకట్లో లైటూ, చెప్పులూ లేకుండా చేలోకి వెళ్ళొద్దనీ, కరిస్తే నేరుగా ఆస్పత్రికే వెళ్ళాలనీ చెబుదాం. ఏమంటారు?