పరభాషలో పండుగ పలకరింపు

పండుగనాడు పొరుగువారిని వారి భాషలో పలకరించుట మర్యాదయని మనమందరము అంగీకరింతుము. అయితే ఆ మాటలు నేర్చినంత మాత్రమున మర్యాదయు నేర్చినట్లగునా? ఈ సందేహము నాకు గ్రంథములవలన కలుగలేదు. మా మాధవరములో ఒక వాకిట నేను చేసిన పొరపాటువలన కలిగినది.

మా మనుమడు ఉద్యోగరీత్యా వియత్నాము దేశమునకు, పూర్వము సైగాను అనబడిన హో చి మిన్ నగరమునకు, పోవలసియున్నాడు. (ఆ నగరము మన ప్రాంతమునకు మరీ కొత్తది కాదు. తమిళ వర్తకులు అచ్చట కట్టించిన మారియమ్మ గుడి నేటికిని ఉన్నది.) అక్కడి సంవత్సరాదికి 'తెత్' అని పేరు. చాంద్రమానమును బట్టి జనవరి చివరనో ఫిబ్రవరిలోనో వచ్చును. 2025లో జనవరి 29న వచ్చినది. కుర్రవాడు "చుక్ ముంగ్ నమ్ మోయ్" అను నాలుగు మాటలు వల్లించి, "తాతగారూ, వచ్చేసింది" అనెను. నూతన సంవత్సర శుభాకాంక్షలని వాని భావము.

కాని ఆ నాలుగు మాటలతో పని తీరదు. వియత్నామీయులు ఎదుటివారిని తరచు చుట్టరికపు పిలుపుతోనే సంబోధింతురు. తండ్రికన్న పెద్దవాడైనచో 'బాక్', చిన్నవాడైనచో 'చూ'. మన పెదనాన్న, చిన్నాన్నలే. తమిళుల పెరియప్పా, సిత్తప్పాలే. పలకరించువాడు తన్ను గూర్చియు ఆ వరుసకు తగినట్లే చెప్పుకొనవలెను. పండుగనాడు పిన్నలు పెద్దలకు దీర్ఘాయువు కోరుదురు. పెద్దలు ఎఱ్ఱని కవరులో కొంత సొమ్ముంచి పిల్లల కిత్తురు. దానిని 'లీ సీ' అందురు. మొదటినాడు తండ్రివైపువారిని, రెండవనాడు తల్లివైపువారిని, మూడవనాడు గురువును దర్శించుట ఆచారము.

ఇదంతయు మనకు వింతగా తోచదు. మన తాతలు ఉగాదినాడు 'శుభాకాంక్షలు' అని ఎరుగరు. పచ్చడి తిని, పంచాంగము విని, పెద్దలకు నమస్కరించెడివారు, పెద్దలు దీవించెడివారు. తమిళములో 'వాళ్త్తు' అనగా దీవెనయు నగును. కనుకనే "దీవించు వయసు నాకు లేదు, నమస్కరించుచున్నాను" అని సభలలో పిన్నలు చెప్పుట వారిలో పరిపాటి.

ఇక నా సంగతి. పదేండ్ల క్రిందట పొంగలినాటి ఉదయమున, నా తమిళము నాకే ముచ్చటగొలుపగా, ఎదురింటి ఇల్లాలిని చూచి వీధిలోనుండియే "పొంగల్ వాళ్త్తుక్కళ్ అమ్మా" అని గట్టిగా అంటిని. ఆమె "ఉంగళుక్కుం" అని మెల్లగా బదులు చెప్పి లోపలికి పోయెను. మా ఇంటిది నన్ను చూచి, "వాకిట ముగ్గు లేదు, చూడలేదా? వాళ్ళ మామగారు పోయి నాలుగు నెలలైనా కాలేదు" అనెను.

ఆ పెద్దాయన పోయిన సంగతి నాకు తెలియనిది కాదు. పాడె వెంట నడచినవాడనే. తెలుగువారింట నేనట్లు చేసియుండెడివాడను కాను. సంవత్సరీకము జరుగని యింట పండుగ మాట ఎత్తరాదని అమ్మ నాకు తొడపాశము పెట్టి నేర్పినది. మాతృభాషలో మాటతోపాటే అది అనరాని చోటును తెలియును. పరభాషలోనో, మాట ముందు వచ్చును. చోటు తరువాత తెలియును. ఆ నడుమ మనవలన ఎవరో ఒకరు నొచ్చుకొందురు.

అట్లయిన మన పలకరింపు మన భాషలోనే ఉండనిండు, పరుల మాటలు మనకేలయని వాదించు పెద్దలు మనలో కలరు. వారి భయము నాకు తెలియును; ఇంట తెలుగు సన్నగిల్లుచున్నది. కాని 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, చెన్నపట్టణము అందు చేరకపోయినను, మన కుటుంబములెన్నో ఇచ్చటనే నిలిచినవి. 2018లో ఆంధ్రకు పోవు బస్సుల నిలయము మన మాధవరముననే తెరచిరి. అయినను మనము పోలేదు. పోనివారము పొరుగువారితో మాటాడక ఎట్లుందుము? తప్పు పలుకుదుమని నోరు కట్టుకొనుట కూడ ఒక విధమైన గర్వమేయని నా తలంపు.

ఆ యేడు కాణుం పొంగల్‌నాడు, అనగా పెద్దలను, బంధువులను చూచివచ్చు నాడు, నేను వట్టి చేతులతో ఎదురింటికి పోయి కూర్చుంటిని. పండుగ మాట ఎత్తక ఆమె మామగారిని గూర్చి అడిగితిని. ఆయన పాలకాలనీ తొలినాళ్ళను గూర్చి చెప్పెడి కథలను ఆమె చాలసేపు చెప్పెను. సగము తమిళము నాకర్థము కాలేదు. మరుసటి యేడు వారి వాకిట పెద్ద కోలము చూచిన పిమ్మటనే "పాల్ పొంగిచ్చా?" అని అడిగితిని.

ఇదంతయు మనుమనికి చెప్పితిని. అతడు అక్కడి మిత్రుని అడిగి, తెత్‌నాటి ఉదయమున మొదట గడప దాటినవారిని బట్టియే ఆ యింటి సంవత్సర భాగ్యమని వారి నమ్మకమనియు, కనుక పిలువక ఎవరింటికిని ముందుగా పోరాదనియు, మైలలో నున్నవారు అసలే పోరనియు తెలిసికొనెను. నాలుగు మాటలు వచ్చునన్న ధీమా అతని ముఖమున ఇప్పుడు లేదు. నిన్న రాత్రి భోజనమువేళ తన తండ్రి పుట్టిన సంవత్సరము నన్నడిగెను. మిత్రుని తండ్రిని బాక్ అనవలెనో, చూ అనవలెనో తేల్చుకొనవలెనట.