సమాధులపై శిలామూర్తులు

మధ్యయుగమున ఐరోపా దేశములలో ప్రభువులను, వారి భార్యలను క్రైస్తవాలయముల లోపలనే పాతిపెట్టి, ఆ గోరీలపై వారి నిలువెత్తు మూర్తులను పరుండబెట్టుట ఆచారము. మన వీరగల్లుమీది వీరుడు పోరాడుచుండును. ఈ మూర్తులు మాత్రము తలక్రింద దిండుతో, తరచుగా చేతులు జోడించి, కన్నులు తెరచికొని పరుండియుండును. అది నిద్ర కాదు, పునరుత్థానదినమునకై నిరీక్షణము. పురుషుని పాదములకడ సింహము, స్త్రీ పాదములకడ కుక్కపిల్ల సాధారణముగా కనబడును. చూడవచ్చినవాడు ఇవన్నియు చూచి ఊరకుండలేడు. ఆ రాతికొక కథ కావలెను.

ఇట్టి కథలలో మిక్కిలి ప్రసిద్ధమైనది కాళ్లనుగూర్చినది. ఇంగ్లండులో 13వ శతాబ్దమునుండి 14వ శతాబ్దపు నడుమవరకు చెక్కిన యోధుల మూర్తులు పెక్కింటిలో కాలిమీద కాలు వేసియుండును. అట్టివాడు జెరూసలేముకై జరిగిన మతయుద్ధములకు పోయివచ్చినవాడని తరువాతివారు చెప్పుకొనిరి. కాళ్లు కలిసినది చీలమండకడనా, మోకాలికడనా, తొడకడనా యని చూచి, ఎన్నిమారులు పోయెనో లెక్కగట్టినవారును గలరు! కాని ఎన్నడును ఆ యుద్ధములకు పోనివారి మూర్తులకును ఆ భంగిమ కలదు. పోయివచ్చినవారిలో కొందరికి లేదు. అది ఆ కాలపు శిల్పుల వాడుక, అంతియే.

గ్లాస్టరు ఆలయమునందలి రాబర్ట్ కర్టోజ్ కొయ్యమూర్తిని చూడుడు. ఇతడు ఇంగ్లండును జయించిన విలియము రాజునకు పెద్దకుమారుడు. 1099లో జెరూసలేమును పట్టుకొన్న సేనలో నిజముగానే యుండెను. మూర్తికి కాలిమీద కాలును కలదు. కథ రుజువైనట్లే తోచును. అయితే అతడు చనిపోయినది 1134లో. మూర్తి తొడిగిన గొలుసుకవచము, దానిపై అంగీ సుమారు నూరేండ్ల తరువాతి తీరువి. చెక్కినవాడు అతనిని కన్నులారా చూచినవాడు కాడు. సొంత తమ్ముడైన హెన్రీ రాజు 1106లో పట్టుకొని బంధింపగా, ఇరువదెనిమిదేండ్లు చెరలో మ్రగ్గి అచ్చటనే కన్నుమూసిన మనుష్యుడు రాబర్ట్. మూర్తి తలపై కిరీటమున్నది. చెర ఊసు లేదు.

కాలనిర్ణయమునకు మరణసంవత్సరము చాలదని దీనివలన తెలియుచున్నది. శిల్పము మరణమునకు ముందునను పుట్టవచ్చును. 1443లో మరణించిన కాంటర్బరీ ఆర్చిబిషప్పు హెన్రీ చిచిలీ, పైన ఆచార్యవేషముతో ఒకటి, క్రింద కృశించిన శవముగా మరియొకటి, తన మూర్తులు రెండింటిని బ్రతికియుండగనే చేయించుకొనెను. కావున పండితులు శిరస్త్రాణపు మొనను, కవచపు కట్టును, స్త్రీల తలముసుగు మడతను చూచి కాలమును తేల్చుదురు.

ఇక చిచెస్టరు ఆలయమున ఆరండెలు ప్రభువు రిచర్డ్ ఫిట్జాలన్, అతని భార్య ఎలినారు ప్రక్కప్రక్కనే పరుండియున్నారు. ఆమె 1372లో, అతడు 1376లో మరణించిరి. ప్రభువు చేతితొడుగు తీసి, వట్టి కుడిచేతితో ఆమె చేయి పట్టుకొనియున్నాడు. చూచినవారికి గుండె కరగును. కాని నేడు కనబడు ఆ చేతులు 14వ శతాబ్దమువి కావు. శిథిలమైన మూర్తులను 1843 ప్రాంతమున బాగుచేసిన ఎడ్వర్డ్ రిచర్డ్‌సన్ చెక్కినవి. మొదటను చేతులట్లే కలిసియుండెనని తరువాతి పరిశోధకులు తలంచిరి. నాకును అదియే సమంజసముగా తోచుచున్నది. దాంపత్యప్రేమ నిజమే కావచ్చును.

అయినను ఈ రాతికి తెలియని మనిషి యొకతె కలదు. 1321లో ఏడేండ్ల ప్రాయపు రిచర్డునకు, ఎనిమిదేండ్ల ఇజబెల్ అను పిల్లతో పెద్దలు పెండ్లిచేసిరి. ఆమె తండ్రి హ్యూ డెస్పెన్సరు అప్పుడు రాజునకు ఆప్తుడు, 1326లో ఉరికంబమెక్కెను. అటుపై ఆమెతోడి సంబంధమువలన లాభమేమి? ఈడు వచ్చినపుడు తామీ పెండ్లిని కాదన్నను, కొట్టి కాపురము చేయించిరని విన్నవింపగా, 1344లో పోపు దానిని రద్దుచేసెను. మరుసటి యేడే రిచర్డ్ ఎలినారును పెండ్లాడెను. బాల్యవివాహపు బాధ నెరిగిన మన ఇండ్లవారికి ఈ భాగమును వ్యాఖ్యానింప నక్కరలేదు. బలవంతపు పెండ్లినుండి విడుదల కోరుట దోషమని నేననను. కాని ఆ విడుదలకు వెల యిచ్చినదెవరు? వారికి పుట్టిన ఎడ్మండ్ ఒక్కదినమున అక్రమసంతానమై వారసత్వమును కోల్పోయెను.

ఆ జోడుచేతులను మెచ్చుకొనుటలో తప్పు లేదు. నేనును మెచ్చుకొందును. అయితే మూర్తిని చేయించినవారు తాము చూపదలచినదే చూపింతురు. ఆ ప్రేమను పూర్తిచరిత్రగా చదువుట మాత్రము ఇజబెల్‌ను మరియొకమారు వెడలగొట్టుటయే యగును. ఎడ్మండ్ మరువలేదు. తండ్రి పోయిన పిదప ఆస్తికై వాదమునకు దిగి, 1377లో లండను టవరున చెరబడెను. బావమరదులు పూనుకొని విడిపింపవలసివచ్చెను.