రెండు జీతాలు

మా పాలమూరులో జీతం అనే మాటకు రెండర్థాలున్నయి. సర్కారు కొలువు చేసేటోడు నెలనెలా తెచ్చుకునేది జీతం. అప్పు కింద పిల్లగాన్ని పటేలు ఇంట్ల పనికి పెడితే అదీ జీతమే. మా ఇంట్ల రెండూ ఉండె. మా అన్న జీతమున్నడు, నేను జీతం తీసుకున్న.

మా అక్క లగ్గానికి నాయిన తెచ్చిన మూడు వందల రూపాయల కింద అన్నను 12 ఏండ్లకే పటేలు ఇంట్ల పెట్టిండ్రు. పెండ తీసుడు, బర్లు కాసుడు, రాత్రి కల్లం కాడ కావలి. అదే యేడు ఎనిమిదేండ్ల నన్ను బళ్లె ఏసిండ్రు. "ఒక్కడన్న అచ్చరం నేర్వాలె" అన్నది మా అవ్వ. ఆ ఒక్కడు ఎవడో ఆమె ఏరలేదు. అన్నది పనికి అక్కరకొచ్చే ఈడు, నాది కాదు. తెలివిల మాకు తేడా ఏం లేకుండె.

ఐదో తరగతిల ఉన్నప్పుడు నాయిన వెంట పటేలు ఇంటికి పోయిన. వాకిట్ల నిలబడ్డం. పటేలు పద్దు చదువుతున్నడు. తెచ్చుకున్న జొన్నలకు నాగు, అసలుకు మిత్తి, అన్న జరమొచ్చి పండుకున్న దినాలకు కోత. నేను వేళ్ల మీద లెక్కేసి, "నాయినా, ఎనభై ఎక్కువ చెప్తున్నరు" అన్న. నాయిన నా నోరు మూసిండు. పటేలు నవ్విండు. అయినా ఆ ఎనభై కొట్టేసిండు. నా చదువు ఇంటికి తెచ్చిన మొదటి సంపాదన అది. మర్నాటి నుంచి అన్నకు పెట్టే గట్క సగమైంది.

1975ల వెట్టి రద్దు ఆర్డినెన్సు వచ్చింది, 1976ల చట్టమైంది. అన్న బయటపడ్డడు. బయటపడి ఎటు పోవాలె? భూమి లేదు, అచ్చరం లేదు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని శ్రీశైలం డ్యాం పనికి పోయిండు. పాలమూరు లేబరైండు. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్ల ఉండి, స్కాలర్‌షిప్పు మీద డిగ్రీ చదివి గుమాస్తానైన.

చదువు సంపాదనను ఎంత పెంచుతదో అర్థశాస్త్రం లెక్క కట్టింది. సకారోపులోస్, పాట్రినోస్ 2018ల దేశదేశాల లెక్కలు కలిపి చూస్తే ఒక్కొక్క ఏడాది చదువుకు సగటున తొమ్మిది శాతం దాకా తేలింది. ఖర్చు కింద వాళ్లు ఫీజులు రాస్తరు, చదువుకునేటోడు ఆ రోజులల్ల వదులుకున్న కూలి రాస్తరు. నేను వదులుకున్న కూలి ఎంత? ఎనిమిదేండ్ల పిల్లగాని కూలి. నన్ను బడిల నిలబెట్టింది అన్న చాకిరి. పటేలు పద్దుల అన్న కష్టం ఎక్కలేదు. ఈ పద్దుల కూడా ఎక్కలేదు.

ఆ తొమ్మిది శాతం అందరికీ ఒక్క తీరుగ రాదు కూడా. థోరట్, అటివెల్ అనే పరిశోధకులు పేపర్ల పడ్డ ప్రైవేటు ఉద్యోగాలకు, సమానమైన చదువు చూపించి, వేరువేరు కులాల పేర్లతోని దరఖాస్తులు పంపిండ్రు. దళిత పేర్లకు పిలుపులు తక్కువొచ్చినయి. ఆ ఫలితాలు 2007ల అచ్చయినయి. అందుకే మాకు సర్కారు కొలువే దిక్కైంది. 2011 జనాభా లెక్కల నాటికి కూడా మహబూబ్‌నగర్ జిల్లాల అక్షరాస్యత 55 శాతమే.

అట్లాంటి జిల్లాల జీతమందుకున్నోని జీతం ఎవరిది? "నీ కష్టం, నీ తెలివి" అంటరు తోటి ఉద్యోగులు. నేనూ నమ్మిన. 1994ల అన్న కొడుకు ఇంటర్ ఫీజుకు అన్న నా ఇంటికొచ్చిండు. ఇల్లు కడుతున్న, చేతిల లేవన్న. అన్న చాయ తాగి గిలాస కింద పెట్టి, "తమ్మీ, నా జీతం నీకయింది. నీ జీతం నీకే కానీ" అని లేచిపోయిండు. కోపంగ అనలేదు. పిల్లగాడు ఆ యేడే మేస్త్రి వెంట బొంబాయి బస్సెక్కిండు.

1956 మార్చిల ఆగ్రా సభల బాబాసాహెబ్, చదువుకున్న మనవాళ్లే మోసం చేసిండ్రని బాధపడ్డడు. ఆ మాట ఎన్నో సభల నేనే మైకు పట్టుకొని చెప్పిన. చెప్పినప్పుడల్లా ఎదుట కూసున్నోళ్లను చూసుకుంటనే చెప్పిన.

తర్వాత అన్న బిడ్డను నర్సింగు చదివించిన. బంధువులు నన్ను ధర్మాత్ముడన్నరు. ఆ మాట నాకొద్దు. అది దానం కాదు, వాటా. అదీ సగమే ముట్టింది. బొంబాయి బస్సెక్కిన పిల్లగాని పద్దు ఇంకా నా పేరు మీదనే ఉన్నది.