శస్త్రవైద్యమున సత్యధర్మము

వైద్యుని సత్యమునకు రెండు ముఖములు కలవు. తాను చేయు చికిత్స నిజముగా మేలు కలిగించుచున్నదా యని పరీక్షించి తెలిసికొనుట మొదటిది. తెలిసినదానిని, తెలియనిదానిని గూడ రోగికి దాచక చెప్పుట రెండవది. మొదటిదానికి పరిశోధనమని గౌరవము కలదు. రెండవదానిని లోకము కేవలము మర్యాదగా నెంచుచున్నది. అదియు ధర్మమే యని నా మనవి.

నేడు స్త్రీల వ్యాధులకు కడుపు కోసి చేయు ఆపరేషనులు తగ్గుచున్నవి. అర అంగుళమునకు మించని రంధ్రములు కొన్ని చేసి, ఒకదానిగుండ కెమెరాను, తక్కినవానిగుండ పనిముట్లను పంపి గర్భసంచిని తొలగించుచున్నారు. కరీంనగరమున బీడీలు చుట్టు స్త్రీకిని, ఆదిలాబాదున ప్రత్తి యేరు స్త్రీకిని ఇది స్వల్పమైన యుపకారము కాదు. పని మానిన దినమున కూలి లేదు. త్వరగా లేచి తిరుగగలుగుట వారికి కూడు దక్కించుకొనుటయే.

అయినను గాయము చిన్నదైనంతమాత్రమున నిర్ణయము చిన్నదగునా? రంధ్రమెంతటిదైనను తొలగిపోవు అవయవ మొక్కటియే. దానితో అండాశయములను గూడ తీసివేసినచో చిన్నవయస్సుననే ముట్లుడిగి ఎముకలు బలహీనమగును. మూత్రనాళములు గర్భసంచి ప్రక్కనుండియే పోవుచున్నవి. పరికరపు వేడి తగిలి కలిగిన హాని కొన్ని దినములకుగాని బయటపడకపోవచ్చును.

2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో గర్భసంచి తొలగింపబడినవారు దేశమున నూటికి 3.2, తెలంగాణమున 7.7 అని తేలినది. ఇవన్నియు అనవసరములని నేననను. ప్రాణరక్షణమునకై చేసినవియు నందుండును. కాని మందులతో నయము కాదా యని అడుగుటకు వీరిలో నెందరికి అవకాశము కలిగెను? అనవసరపు ఆపరేషనులను అరికట్టుటకై కేంద్రప్రభుత్వము 2022లో చేసిన మార్గదర్శకములను రాష్ట్రములన్నియు మూడు నెలలలో అమలుపరుపవలెనని 2023లో సుప్రీంకోర్టు ఆదేశింపవలసివచ్చెను.

"పామర స్త్రీకేమి తెలియును? వైద్యుడే యెరుగును" అని కొందరందురు. వైద్యుడును పొరబడునని చూపుటకు ఒక్క యుదాహరణము చాలును. గర్భాశయ ముఖద్వారపు కాన్సరుకు సయితము చిన్న రంధ్రముల పద్ధతియే మేలని చాలమంది శస్త్రవైద్యులు నమ్మియుండిరి. 631 మంది స్త్రీలపై పలుదేశములలో జరిగిన పరీక్ష 2018లో ప్రకటింపబడెను. నాలుగున్నర యేండ్లకు వ్యాధి తిరుగబెట్టక బ్రదికియున్నవారు, కడుపు కోసి చేసిన పద్ధతిలో నూటికి 96.5, చిన్న రంధ్రముల పద్ధతిలో 86 మాత్రమే యని తేలినది. పరీక్షింపని నమ్మకము, అది పండితునిదైనను, నమ్మకమే గాని జ్ఞానము కాదు.

కావున పరిశోధనము వలదనుట తగదు. అది వైద్యుడు తన యజ్ఞానమును ఒప్పుకొనుట. అయితే ఆ జ్ఞానమునకై ఎవరి శరీరము వెలగా చెల్లింపబడుచున్నది? 2017లో జమ్మికుంట ప్రాంతపు పేదలు ధనమునకై ఔషధపరీక్షలకు లోబడుచున్నారని, అందొకని మరణమునకు ఆ పరీక్షయే కారణమని బంధువు లారోపించుచున్నారని పత్రికలు వ్రాసినవి. ఆరోపణమును నిర్ణయించుట మన పని కాదు. కాని ఆకలి చేయించిన సంతకమును అంగీకారమనవచ్చునా? కాదనుటకు శక్తిలేనివాని ఔనునకు విలువ యేమి?

చదువరులారా, ధర్మము కష్టమైనది కాదు. ఇది అవసరమా? వేరుమార్గము కలదా? కీడేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము కాగితముపై వ్రేలిముద్ర పడుటకు పూర్వమే రోగి చెవిని పడవలెను. తెలుగు స్త్రీకి తెలుగున, ఆదిలాబాదు అడవులలోని గోండు స్త్రీకి గోండిలో. ఆమె "వద్దు" అని లేచిపోయినను వైద్యుని ఆదరము తగ్గరాదు. శరీరమునకు చేయు గాయము చిన్నదైన కాలమున, రోగి స్వాతంత్ర్యమునకు చేయు గాయమును గూడ చిన్నది చేయుట, క్రమముగా లేకుండచేయుట వైద్యవిద్య కింకను మిగిలియున్న పని.