క్షమించమనే ముందు

నర్సీపట్నంలోనైనా, పైన చింతపల్లి మన్యంలోనైనా వైకల్యంతో బిడ్డ పుట్టిన ఇంట్లో ఏదో ఒకనాడు వినపడే మాట ‘ఏ జన్మలో చేసుకున్న పాపమో’. సదరం శిబిరంలో డాక్టరు వైకల్యాన్ని శాతాల్లో లెక్కగడతాడు. 40 శాతం ఉంటే పింఛనుకు అర్హత, 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. ఆ మాట మోపిన బరువు మాత్రం ఏ సర్టిఫికెట్‌లోనూ ఉండదు. దాన్ని మోస్తూ వచ్చి కూర్చున్న మనిషికి ‘అందర్నీ క్షమించేయ్, మనసు తేలికపడుతుంది’ అని కౌన్సెలింగ్ మొదలుపెట్టడం తొందరపాటు. తప్పెవరిదో ముందు తేలాలి. వైకల్యం తప్పు కాదు కనుక దానికి క్షమాపణ చెప్పాల్సినవాళ్లూ లేరు, క్షమించాల్సినవాళ్లూ లేరు. క్షమ ప్రసక్తి వచ్చేది మనుషుల చేతల దగ్గరే: బడిలో చేర్చుకోనన్న పెద్దమనిషి, పెళ్లిచూపుల రోజు చెల్లెలికి అడ్డమని అక్కను వెనకగదిలో ఉంచిన కన్నవాళ్లు.

భారతంలో అష్టావక్రుడి ఒంటి వంకరలకు కారణం అతని పాపం కాదు, కడుపులో ఉండగానే తన చదువులో తప్పు పట్టాడని తండ్రికి వచ్చిన కోపం. ఆ కొడుకే జనకుడి సభలో వాదించి గెలిచి, అంతకుముందు అక్కడే వాదంలో ఓడి చిక్కుకున్న తండ్రిని విడిపించుకున్నాడు. ఎవరో నచ్చజెబితే చేసిన పని కాదది, తన విద్య బలంతో తానే చేసింది. యోహాను సువార్తలోనూ పుట్టుగుడ్డిని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులడిగితే, అతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదన్నాడు యేసు.

కర్మ అనుకుంటే ఊరట కదా అంటారు. ఎవరికి వారు అనుకుంటే అది ఓర్పు, ఎదుటివాడి మీద వేస్తే తీర్పు. కోపం పెట్టుకుంటే నష్టం మనకేనన్నది ఇంతకన్నా గట్టి వాదన. క్షమ మేలు చేస్తుందని ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పిన అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ కూడా, క్షమించడమంటే తప్పును సమర్థించడమో న్యాయాన్ని వదులుకోవడమో కాదంటారు. అరణ్యవాసంలో ద్రౌపది ధర్మరాజుకు గుర్తుచేసిన ప్రహ్లాదుడి నీతీ అదే: ఎప్పుడూ కోపమూ మంచిది కాదు, ఎప్పుడూ క్షమా మంచిది కాదు. వికలాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 నాటి హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. కౌన్సెలర్ ఈ దారి కూడా చెప్పాలి. ఫిర్యాదు చేసినవాళ్లు ఆ తర్వాత క్షమించవచ్చు, క్షమించకపోనూవచ్చు. కాదనే వీలున్నప్పుడే అవునన్న మాటకు విలువ.