ఫ్యాక్టరీ ఎందుకు బందయింది సార్?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మా నిజామాబాద్ జిల్లా బోధన్‌లో ఏ ఇంటికి పోయినా ఒకటే మాట: ఏం గ్రూపు? లెక్కలు బాగా వస్తే ఎంపీసీ, డాక్టరు కావాలనుకుంటే బైపీసీ, రెండూ కాకపోతే సీఈసీ. హెచ్ఈసీ పేరు ఎత్తేవాళ్లు తక్కువ. ఎత్తితే, పిల్లవాడికి మార్కులు రాలేదేమోనని అవతలివాళ్లు జాలిపడతారు. "చరిత్ర చదివితే ఏం నౌకరీ వస్తది సార్?" అని ఒక తండ్రి నన్ను సూటిగానే అడిగాడు. అప్పు చేసి చదివించే మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. వకీలు, విలేకరి, టీచరు, తహసీల్దారు అంటూ నాలుగు పేర్లు చెప్పి పంపొచ్చు. కానీ సోషల్ టీచర్‌గా నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. అది తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల అడిగింది. "ఫ్యాక్టరీ ఎందుకు బందయింది సార్?"

ఫ్యాక్టరీ అంటే శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 1937లో పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. నా క్లాసులో కూర్చున్న పిల్లలకు దాని గొట్టంలోంచి పొగ రావడం తెలియదు.

చెరుకు రసం చక్కెర ఎలా అవుతుందో సైన్స్ పుస్తకం చెప్పగలదు. సున్నం వేసి మడ్డి తీయడం, రసాన్ని ఇగరబెట్టడం, పలుకు కట్టించడం, అన్నీ వివరంగా చెబుతుంది. ఆ పనంతా తెలిసిన మనుషులు, యంత్రాలు, చుట్టూ పొలాలు ఉండగా ఫ్యాక్టరీ ఎందుకు ఆగిపోయిందో మాత్రం అది చెప్పలేదు. ఆ జవాబు కోసం ముందు మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు కట్టిన 1923–31 నాటికి వెళ్లాలి. దాని కాలువ నీళ్లు చూసి కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు, అక్కడే క్యాంపులు వేసుకుని స్థిరపడ్డారు. బోధన్, వర్ని చుట్టుపక్కల ఇన్ని ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని ఎందుకుందో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. అదే మంజీర మీద ఎగువన సింగూరు కట్టాక నీళ్లలో హైదరాబాద్ వాటా ఎంత, మన పొలాల వాటా ఎంత అన్న లెక్క మొదలైంది. చెరుకు ఏడాది పంట, వరి ఏడాదికి రెండు పంటలు. డబ్బు కోసం ఏడాది ఆగలేని రైతు ఏ పంట వైపు మొగ్గుతాడో పిల్లలే చెబుతారు. 2002లో సర్కారు 51 శాతం వాటాను ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు? శాసనసభలో ఏం చర్చ జరిగింది? కార్మికుడికి అందులో మాట ఉందా? తెరిపిస్తామన్న హామీ ఎన్నికల వేళ మళ్లీ మళ్లీ ఎందుకు వినిపిస్తుంది?

ఇవే కదా చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం! ఎవరూ పెద్దగా తీసుకోని ఆ హెచ్ఈసీ గ్రూపులోని మూడు సబ్జెక్టులూ కలిస్తే తప్ప ఒక తొమ్మిదో తరగతి పిల్ల ప్రశ్నకు జవాబు రాదు. మానవీయ శాస్త్రాల గురించి బడిపిల్లలకు చెప్పాలంటే నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. నిర్వచనాలు తర్వాత వస్తాయి.

అయితే ఆ మూడు కలిసినా ఇంకా ఏదో మిగిలిపోతుంది. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లతో మాట్లాడి రాసుకు రమ్మని పిల్లలకు చెప్పాను. ప్రశ్న అడిగిన పిల్ల తన తాత గురించి ఒక పేజీ రాసింది. ఆయన పాకం ఉడికించే పాన్ సెక్షన్‌లో పనిచేశాడు. ఉడుకుతున్న పాకంలోంచి కొంచెం తీసి, గాజు పలక మీద పూసి, వెలుతురుకు ఎత్తి పట్టి చూసేవాడట. పలుకు సరిగ్గా కట్టిందా, ఇంకాసేపు ఉడకాలా అన్నది కంటితోనే చెప్పేవాడట. "మా తాతకు చూపు మందగించింది కానీ గాజు పలక ఎట్ల పట్టుకోవాల్నో చెయ్యి ఎత్తి చూపించిండు" అని రాసింది. ఆ ఒక్క వాక్యంలో ఉన్నది ఏ లేఆఫ్ నోటీసులోనూ ఉండదు. ఫ్యాక్టరీ మూతపడితే ఎన్ని జీతాలు ఆగాయో లెక్క తేలుతుంది. ఒక మనిషి చేతిలోని పనితనం ఎవరికీ అక్కరలేనిదైతే ఆ మనిషికి ఏమవుతుందో కథే చెప్పగలదు. సాహిత్యం ఎందుకని అడిగేవాళ్లకు నేను ఆ పేజీ చూపిస్తాను.

మానవీయ శాస్త్రాలు పరాయి దేశాల నుంచి తెచ్చుకున్న చదువు కాదు. బోధన్‌ను పదహారు మహాజనపదాల్లో ఒకటైన అస్మక రాజధాని పోదనగా చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు. ఆ అస్మక ప్రాంతంలో, గోదావరి ఒడ్డున బావరి అనే గురువు ఉండేవాడని బౌద్ధుల సుత్తనిపాతం చెబుతుంది. ఆయన తన పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లు అంత దూరం నడిచి వెళ్లి ఒక్కొక్కరే అడిగారు. లోకాన్ని కప్పి ఉంచినది ఏమిటి? దుఃఖం ఎక్కడి నుంచి పుడుతుంది? గురువు ముసలివాడై, తన సందేహం తీర్చుకోవడానికి శిష్యులను మరో గురువు దగ్గరికి పంపడం నాకెంతో ఇష్టమైన సంగతి. నాకు తెలియదు, పోయి అడిగి రండి అనగలిగిన ఉపాధ్యాయుడు ఈ నేల మీద అప్పుడే ఉన్నాడు. నిజామాబాద్ పిల్లల్లో ఈ కథ విన్నవాళ్లు ఎంతమంది?

ఇవాళ పిల్లల చేతుల్లోకి చరిత్ర ఫోన్ల ద్వారా వస్తోంది. ముప్పై సెకండ్ల వీడియోలో ఎవరు మనవాళ్లో, ఎవరు పగవాళ్లో తేల్చేస్తారు. బోధన్‌లో గుడి స్తంభాల మీద నిలిచిన దేవల్ మసీదు ఉంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే బజారులో వినిపించే ఊరిలో అలాంటి కట్టడం గురించి ఎవరు ఏం చెబితే అది నమ్మేయడం ప్రమాదం. ముందు స్తంభాలు చూడండి, వాటి మీది చెక్కడం చూడండి, శాసనం ఏ కాలానిదో తెలుసుకోండి, ఆ తర్వాతే మాట్లాడండి అని పిల్లలకు నేర్పాలి. ఈ ఓపిక లెక్కల క్లాసులోనో సైన్స్ క్లాసులోనో దానంతట అదే రాదు.

నిజామాబాద్ ఖిల్లా జైలులో 1948లో దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడ మీద కవిత్వం రాశాడని జిల్లాలో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ జైలులో ఆయన పక్కనున్న మనిషి కూడా అంతే ముఖ్యం. వట్టికోట ఆళ్వారుస్వామి బడి చదువు పెద్దగా లేని మనిషి. వంటపని చేశాడు, హోటల్లో సర్వరుగా చేశాడు, చదవడం దానితోపాటే నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు అచ్చువేసి, మోసుకుపోయి ఊరూరా అమ్మాడు. 'ప్రజల మనిషి' నవల రాశాడు. దాశరథి తన 'అగ్నిధార' కవితా సంపుటిని ఆయనకే అంకితమిచ్చాడు. సాహిత్యం, చరిత్ర తీరిక ఉన్నవాళ్ల వ్యవహారమని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఎంగిలి ప్లేట్లు తీసిన చేతులు వాటిని అంత గట్టిగా పట్టుకున్నాయి.

మరో సంగతి కూడా తండ్రులకు చెబుతాను. పదో తరగతి తర్వాత చరిత్రకు దండం పెట్టిన పిల్లలే బీటెక్ ముగించి, పాతికేళ్ల వయసులో జిల్లా గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్-2 కోసం తెలంగాణ ఉద్యమ చరిత్రను బిట్లుగా బట్టీ పడుతున్నారు. నిజాంసాగర్ ఏ సంవత్సరం, ఏ నది మీద? నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు. ఆ కాలువ కిందే పుట్టి పెరిగిన కుర్రాడికి అది ఒక మార్కుగా మిగిలిపోవడం చూస్తే నాకు బాధ. పద్నాలుగేళ్లప్పుడు వాళ్ల నాయనమ్మను అడిగి ఉంటే అదే సంగతి అతనికి ఇంటి కథ అయ్యేది.

అలాగని ఎంపీసీ మానేయమని ఎవరికీ చెప్పను. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వమని మాత్రం అడుగుతున్నాను. ఆ పీరియడ్‌కు పాఠ్యపుస్తకం వద్దు. పిల్లలు ఒక నోటుబుక్కు పట్టుకుని బోధన్‌లో రిటైరైన కార్మికుల దగ్గరికి, క్యాంపుల్లోని పెద్దల దగ్గరికి, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే అమ్మల దగ్గరికి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మేనమామల దగ్గరికి వెళ్లాలి. విన్నది విన్నట్టు రాయాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి, తేడా ఎందుకొచ్చిందో క్లాసులో మాట్లాడుకోవాలి. 1948 నాటి జైలు రోజులు ఎరిగినవాళ్లు ఇప్పుడు తొంభై దాటి ఉంటారు, పాన్ సెక్షన్‌లో పనిచేసినవాళ్లకు చూపు తగ్గుతోంది. వచ్చే జూన్‌లో బడులు తెరిచేదాకా కూడా ఆగాల్సిన పని లేదు, ఈ శనివారం నుంచే మొదలుపెట్టొచ్చు.